ఎండకేసిన బొంత

అరకు లోయ,
రైలు గ్యాంగు క్వార్టర్లు.

అప్పకి,

చెల్లెలు నారాయణమ్మ దండం పెట్టి రాస్తున్నది. అమ్మ, బావ, పిల్లలు, ఈనబోయే గేదె అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం. బాగున్నామని రాయడం మర్యాద గనక అదీ రాశాననుకో, నువ్వు మాత్రం నమ్మకు. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువుకో. ఆ తరువాత అమ్మకి ఎంత వినిపించాలో అంతే వినిపించు. అమ్మకి అక్షరం ముక్క రాకపోయినా నీ మొహం చదవడం బాగా వచ్చు. కాస్త జాగ్రత్తగా చదువు.

జవాబు ఆలస్యమైందని కోప్పడకు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మన ఊళ్ళో చలి అంటే పొద్దున్నే నీళ్ళపొయ్యి దగ్గర కాసేపు కూర్చుంటే పోయే చలి. ఇక్కడిది అలా పోదు. కొబ్బరినూనె సీసా పొయ్యి పక్కన పెట్టినా కరిగి చావదు. తెల్లారి తలుపు తీస్తే ఎదర కొండ కనబడదు, పట్టాలు కనబడవు, అంతా మంచు. రైలు కూత వినబడుతుంది గాని రైలు ఎటు పోయిందో తెలియదు. వలిసె చేలు పచ్చగా పూశాయి, పట్నం నుంచి వచ్చినవాళ్ళు దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆహా అనడానికి వాళ్ళకి తీరిక ఉంది.

తిండికి లోటు లేదు, అమ్మతో ఆ మాట గట్టిగా చెప్పు. బియ్యం ఉన్నాయి, అంబలికి చోడి పిండి ఉంది. కొండమీద గూడెం నుంచి బుద్రి అని ఒక మనిషి కట్టెలు తెచ్చి వేస్తుంది, వచ్చినప్పుడల్లా కొంగున రెండు గుడ్లు కట్టుకొస్తుంది. మన పైడి ఆవిడ పిల్లలతో తిరిగి తిరిగి నన్ను అమ్మ అనకుండా వాళ్ళలాగే 'ఆయా' అని పిలవడం నేర్చింది. ఒక దెబ్బ వేశాను. మళ్ళీ 'ఆయా' అనే ఏడ్చింది.

ఇంక మీ మరిది సంగతి.

పోయిన ఉత్తరంలో దగ్గు తగ్గిందని రాశాను. అది అబద్ధం. దగ్గు తగ్గలేదు. పెళ్ళికి ముందు ఈ లైను వేస్తున్నప్పుడు ఆయన సొరంగాల్లో రాయి తొలిచే పని చేశాడు కదా, ఆ రాతిపొడి లోపల పేరుకుపోయిందట. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూసి, నన్ను వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళమ్మా, మంచి తిండి పెట్టు, ఏం అడిగితే అది పెట్టు" అన్నాడు. అప్పా, డాక్టరు అలా ఎప్పుడంటాడో నీకూ నాకూ తెలుసు. మన అయ్యకీ అదే మాట అన్నారు.

ఆయనకి నేను అలా చెప్పలేదు. "బాగా తింటే తగ్గిపోతాదన్నాడు మావా" అని చెప్పాను. ఆ మాట పట్టుకుని ఆయన నిజంగానే తినడం మొదలుపెట్టాడప్పా! గుడ్డు తిన్నాడు, అంబలి తాగాడు, ఉప్పుచేప కాల్చి పెట్టమని అడిగాడు. గోడకి ఆనుకుని కూర్చుని, వలిసెలు కోతకి వచ్చేసరికి డ్యూటీలో చేరిపోతానని పైడితో చెప్పేవాడు. నేను పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని. ఒక్కోసారి నా అబద్ధాన్ని నేనే నమ్మేదాన్ని. డాక్టర్లకి మాత్రం అన్నీ తెలుసా అనుకునేదాన్ని.

ఆయనకి కప్పినది అమ్మ కుట్టిన బొంతే. పైడి కడుపులో ఉన్నప్పుడు వాకిట్లో చాప పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అమ్మ ఒక పక్క నువ్వొక పక్క కూర్చుని కుట్టారే, అది. నీ పక్క కుట్లు ఇప్పటికీ తెలిసిపోతాయి, గేదె అడుగుల్లా ఉంటాయి. అమ్మ ఎంత తిట్టిందో నాకు గుర్తే. అడుగున అయ్య పంచెలు, పైన నాయనమ్మ ఎర్రంచు చీర, అమ్మ ఆకుపచ్చ చీర, నీ పెళ్ళి తరువాత చిరిగిన ఊదా చీర, నా ఓణీ ముక్క. పైడికి మీరంతా ఆ బొంతలోనే తెలుసు. పడుకునేముందు వేలు పెట్టి చూపిస్తుంది, ఇది అమ్మమ్మ, ఇది పెద్దమ్మ, ఇది తాతమ్మ అని. తాతమ్మ పక్కకి కాళ్ళు పెట్టకూడదని దాని రూలు. ఎవరు చెప్పారో తెలియదు. బుద్రి ఒకనాడు ఇదంతా విని, "ఇంతమంది మనుసుల్ని కప్పుకుని తొంగుంటారేటి మీరు, ఉక్కబొయ్యదేటి?" అని నవ్వింది.

నాయనమ్మ పోయేముందు అమ్మ ఏం చేసిందో నీకు గుర్తుంది కదా. మనవైపు ఆనవాయితీ అంతే కదా, మనిషి పోయేవేళ ఒంటిమీద ఏది ఉంటే అది ఆ మనిషితోనే వల్లకాటికి పోవాలి, మళ్ళీ గుమ్మం లోపలికి రాకూడదు. అందుకని ఇంట్లో ఆడవాళ్ళు ఇంక లాభం లేదనుకున్నాక, ఎవరికీ చెప్పకుండా మంచి బొంత తీసేసి పాత గోనెపట్టా కప్పేస్తారు. అమ్మ నాయనమ్మకి అలాగే కప్పింది. నాయనమ్మ ఆ గోనె వంక చూసి, అమ్మ వంక చూసి, ఏమీ అనలేదు. ఆవిడ తన అత్తకి అదే పని చేసి ఉంటుంది, ఇంకేమంటుంది? ఆ తరువాత మంచినీళ్ళు కూడా అడగలేదు. ఇదంతా నీకు తెలిసిందే. మీ మరిదికీ తెలిసిందే. ఆయనా మనవైపువాడే కదా. ఈ ఒక్కటీ నా బుర్రలోకి ఆ పూట ఎందుకు రాలేదో, నా తల బద్దలు కొట్టుకున్నా తెలియడం లేదు.

జరిగింది ఇది. మంచు విడవక రోజుల తరబడి ఎండ మొహం చూడలేదు. ఆయనకి చెమటలు. బొంత తడిసి ముద్దై, ముక్కిన వాసన కొడుతోంది. ఒక పొద్దున్న హఠాత్తుగా ఎండ కాసింది. ఆయన నిద్రలో ఉన్నాడు. లేపడం ఎందుకని మెల్లగా బొంత తీసి, చలేస్తుందని చేతికి అందిన గోనెపట్టా కప్పి, బొంత పట్టుకెళ్ళి కంచె మీద ఆరేశాను. అంతే. అప్పా, నా కడుపున పుట్టినదాని మీద ఒట్టు, అంతే. ఎండకే వేశాను.

అప్పుడే బొబ్బిలి గౌరమ్మత్త నీళ్ళకి పోతూ ఆగింది. గ్యాంగు మేస్త్రీ పెళ్ళాం, ఆవిడ గొంతు నీకు తెలియదు, గుసగుసలాడినా రెండు క్వార్టర్ల అవతలికి వినబడుతుంది. బొంత చూసి, తెరిచి ఉన్న తలుపు చూసి, "మంచి పని సేసినావే నారాయణా. బేగి తీసీసినావు. మీ పైడి గుంటకైనా మిగుల్తాది" అంది.

"ఛీ, అదేటి మాటత్తా! ఎండకేసినాను" అన్నాను.

"అవునవును, ఎండకే. నానేటి, కాదన్నానేటి?" అని తల ఊపుకుంటూ పోయింది.

నేను వెనక్కి తిరిగేసరికి ఆయన లేచి ఉన్నాడు. గోనె మీద వేళ్ళు పెట్టి తడుముతున్నాడు. ఏం గుడ్డో తెలియక తడిమినట్టు కాదు. తెలిసి తడిమినట్టే.

"లెగిసినావేటి మావా?" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

"లెగిసినాను" అన్నాడు, అంతే.

గుడ్డు ఉడకబెట్టి తెస్తే వద్దన్నాడు. పైడికి పెట్టమన్నాడు. బొంత ఇంకా ఆరకుండానే తెచ్చి కప్పితే చేత్తో పక్కకి నెట్టి, "గుంటకి కప్పు, దానికి సలి" అన్నాడు. నేను ఏడ్చాను, తిట్టాను, పైడి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. "వాసనొత్తందని ఎండకేసినాను మావా, ఇంకేటీ కాదు" అన్నాను.

"ఒట్టెందుకే? నానేటన్నాను నిన్ను? సెయ్యాల్సిందే సేసినావు" అన్నాడు. అది కూడా మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. కోపంగా అన్నా బాగుండును. నన్ను రెండు తిట్టినా సంతోషించేదాన్ని.

అప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. డ్యూటీ మాట లేదు, వలిసెల మాట లేదు. ఏమైనా మాట్లాడితే, క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు, గుంటని తీసుకుని మీయప్ప కాడికి ఎల్లిపో అనడం. బొంత మూలన మడతపెట్టి ఉండిపోయింది. ఆయన కప్పుకోడు, అలాగని పైడికి కప్పడానికి నాకు చేతులు రావు. పైడికి కప్పితే నేను ఒప్పుకున్నట్టే కదా. మధ్యలో ఆ గుంట నా చీర కొంగులో ముడుచుకుని పడుకుని వణికేది. ఇంత మూర్ఖపు కొంప ఎక్కడైనా ఉంటుందా చెప్పు. చలికి చచ్చే ఇంట్లో ఉన్న ఒక్క బొంతా మూలన కూర్చుంది.

కోపం పట్టలేక గౌరమ్మత్త ఇంటికి పోయి నోటికి వచ్చినట్టు అరిచాను. నీ నోరు పడిపోను, ఆయన చెవిన పడేలా ఆ మాట ఎందుకన్నావు అన్నాను. ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టేసి, "నాను తియ్యలేదే" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ కొడుకు జ్వరమొచ్చి పోయాడని విన్నాను గాని ఎప్పుడూ అడగలేదు. "మావోడికి నాను తియ్యలేదే నారాయణా. తీసీమని అందరూ సెప్పినారు. తీత్తే సచ్చిపోతాడని తియ్యలేదు. తియ్యకపోయినా సచ్చిపోనాడు. బొంత కూడా పోనాది. ఇప్పుడు మొకం ఎట్టుకుని ఏడవడానికి ఆడి గుడ్డముక్క లేదు నాకు. నీకలగ అవ్వకూడదనే అన్నానమ్మా" అని చేటలో బియ్యం మీదే కన్నీళ్ళు కార్చింది. ఇంక నేనేం అరుస్తాను. కూర్చుని ఆవిడతో పాటు రాళ్ళు ఏరాను.

ఆ మర్నాడు బుద్రి వచ్చింది. కట్టెలు దించి, గోనె కింద వణుకుతున్న ఆయన్ని, మూలనున్న బొంతని మార్చి మార్చి చూసింది. "ఆడికి సలేత్తంటే బొంత ఆ మూలనెందుకు?" అంది. నాకు చేతనైన మాటల్లో అంతా చెప్పాను. కూర్చుని వింది. లేచి గుడ్లు చేతిలో పెడుతూ, "మనిసి బతికుండగా బొంతకోసం ఏడుత్తన్నారు, మీ కొండ కిందోళ్ళు" అని వెళ్ళిపోయింది. చెంపమీద కొట్టినట్టయింది. నిజమే కదప్పా. నేను అప్పటిదాకా ఏడ్చినది ఆయన కోసమా, నా మీద పడ్డ నింద కోసమా, అమ్మ బొంత కోసమా? నాకే తెలియలేదు.

సూది తీశాను. ఆయన పాత డ్యూటీ చొక్కా మేకుకి వేలాడుతోంది, దాన్ని దింపి వీపు భాగం నిలువుగా చింపాను. ఆయన చొక్కా ముక్క అందులో పడితే ఇంక ఆ బొంత ఆయనది కాదని ఎవరూ అనలేరు, ఆయనా అనలేడు అనుకున్నాను. మంచం పక్కనే, ఆయనకి కనబడేలా నేల మీద బొంత పరిచి, నడిమధ్యన ముక్క పెట్టి కుట్టడం మొదలుపెట్టాను. పైడి సూదిలోకి దారం ఎక్కించి ఇస్తోంది.

చింపిన చప్పుడికి ఇటు తిరిగాడు. "ఏటి సేత్తన్నావు?"

"కనబడ్డం లేదేటి? నీ సొక్కా ఏత్తన్నాను."

"సొక్కా ఎందుకు సింపినావే? రేపు డ్యూటీకి..." అని ఆగిపోయాడు.

అప్పా, అప్పుడు గాని నాకు తెలియలేదు నేనేం చేశానో. బొంత తీసి ఒకసారి చెప్పినదాన్ని, చొక్కా చింపి రెండోసారి చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నా, నోటితో అన్నీ అప్పగింతలు పెడుతున్నా, లోపలెక్కడో డ్యూటీకి పోతాననే ఉన్నాడు. అదీ నా చేతులతోనే చింపాను. సూది అలాగే గుచ్చి ఉండిపోయింది.

ఆయనే అన్నాడు. "నాకు కప్పకే. నాకు కప్పితే నాతోటే వచ్చేత్తాది. మీయమ్మ సీర, మీ నాయనమ్మ సీర, అన్నీ కాలిపోతాయి. గుంటకేటి మిగుల్తాది?"

"రానీ" అన్నాను. "నువ్వొక్కడివే ఎల్తావేటి?"

నా నోటివెంటే వచ్చింది ఆ మాట. డాక్టరు చెప్పినప్పటి నుంచి పళ్ళు బిగబట్టి దాచినది. తీసుకోవడానికి లేదు. పైడి మా ఇద్దరి మొహాలు చూస్తోంది. అయ్య ఎక్కడికెల్తాడని అడిగింది.

ఆయన ఏడ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ఏడిస్తే దగ్గొచ్చింది, దగ్గితే ఏడవడానికి ఊపిరి చాలలేదు. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. కొంచెం తెరిపిన పడ్డాక, "మీయమ్మ తిడతాది నన్ను, బొంతంతా పట్టుకుపోయినాడని" అన్నాడు.

"తిట్టనీ" అన్నాను.

కుట్టు పూర్తి కాలేదు, సూది ఒక మూలన గుచ్చి ఉండగానే కప్పాను. ఈసారి నెట్టలేదు. తనే మెడదాకా లాక్కున్నాడు. సూది గుచ్చుకుంటుందేమో అని ఆ మూల పట్టుకుని నేను అక్కడే కూర్చున్నాను. తరువాత కొంచెం అంబలి తాగాడు. ఎప్పటిలా బలం రావాలని కాదు, నేను పట్టాను గనక తాగాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు మా మధ్య అబద్ధం లేదు. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. అబద్ధం ఉన్నప్పుడు ఆయన గుడ్లు తిన్నాడు. నిజం చెప్పాక నా చెయ్యి వదలడం లేదు. నువ్వైతే ఏం చేసేదానివో చెప్పు. చెప్పినా ఇప్పుడేం లాభం లే.

ఆ బొంత ఇంక ఇంటికి రాదని అమ్మకి నువ్వే ఎలాగో చెప్పు. కోప్పడితే కోప్పడనీ. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. పాత చీరలు కావాలి. పెట్టెలో దాచినవి వద్దు, అమ్మ కట్టి కట్టి మెత్తబడినది ఒకటి, నీది ఒకటి. పైడికి కుట్టాలి. చొక్కా ముందు భాగం, రెండు చేతులు చింపకుండా దాని కోసం విడిగా దాచాను, ఆయన మంచానికి తగలకుండా గౌరమ్మత్త ఇంట్లో పెట్టాను. ఆవిడే కుట్టడానికి సాయం వస్తానంది.

పోస్టులో పంపకు, నువ్వే పట్టుకురా. కొత్తవలసలో బండి మారాలి, గ్యాంగు క్వార్టర్లంటే ఎవరైనా చూపిస్తారు. మందపాటి గుడ్డలు వేసుకుని రా. వస్తే తాటితాండ్ర తే, ఆయన అడిగాడు. తినగలడని కాదు, అడిగాడు. పిల్లల్ని తీసుకురావద్దు, ఈ దగ్గు మంచిది కాదు. గేదె ఈనేదాకా ఆగితే మాత్రం ఆలస్యమైపోతుందేమో, బావకి నచ్చచెప్పు.

నా గురించి బెంగ పెట్టుకోకండి. నేను గట్టిగానే ఉన్నాను. తింటున్నాను, నిజంగానే తింటున్నాను. పైడికి జలుబు తప్ప ఏమీ లేదు. బావకి దండాలు, పిల్లలకి ముద్దులు. అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దండం పెట్టు. పెట్టగానే అలవాటుగా అమ్మ నూరేళ్ళు పసుపు కుంకాలతో ఉండమని నాకు దీవెన పెడుతుంది. ఈసారి నోరు మూసైనా ఆపు. నాకొద్దు. అదేదో పైడికి పెట్టమను.

నీ చెల్లెలు,
నారాయణమ్మ